గుండె వీక్ ఉన్నోళ్లకు ఐరన్ తక్కువుందా? ఎట్ల పట్టుకోవాలె, ఎట్ల నింపించాలె

మా నల్గొండ, పాలమూరు దిక్కు ఇంట్ల ఒకరికి గుండె వీక్ అయిందని తెలిసినంక (ఎకో రిపోర్ట్‌ల ఈఎఫ్, అంటే గుండె ఒక్కో దెబ్బకు ఎంత శాతం రక్తం బయటికి నూకుతుందో ఆ లెక్క, 30 అనో 35 అనో రాసిస్తరు కదా) అందరు రెండే చూస్తరు, ఉప్పు తగ్గించిండా, గోలీలు టైంకి వేస్కుంటుండా అని. ఆ రెండు సక్కగ చేసినా కొందరు బాత్రూం దాంక పోయొస్తే దమ్ము వస్తుందంటరు, బావికాడికి నడవలేకపోతున్ననంటరు, పొద్దంత పండుకునే ఉంటరు. అప్పుడు ఇంట్లోళ్లు గుండె జబ్బన్నంక అట్లనే ఉంటది అనుకుంటరు. అట్ల వదిలేయకండి. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నోళ్లల్ల ఇంచుమించు సగం మందికి ఒంట్ల ఐరన్ తక్కువ ఉంటది, దమ్ము ఎక్కువై అడ్మిట్ అయినోళ్లల్ల అయితే ఇంకా ఎక్కువ మందికి. దాన్ని పట్టుకోనీకి పెద్ద మిషన్లు అక్కర్లేదు, రక్త పరీక్షలు చాలు. కాకపోతే ఆ పరీక్ష ఎవరో ఒకరు అడగాలె, ఓపీల డాక్టర్‌కు ఐదు నిమిషాల టైం కూడ ఉండదు కాబట్టి ఆ అడిగేది మీరే అయితే మంచిది.

ఒక మాట ముందే చెప్త, హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవుడు కాదు, హార్ట్ ఎటాక్ కూడ కాదు. గుండె పంపింగ్ తగ్గుడు, దాంతోటి కాళ్ల వాపు, దమ్ము, పండుకుంటే ఊపిరి ఆడకపోవుడు. ఇది రాసింది అసొంటి మనిషి ఇంట్ల ఉన్నోళ్ల కోసం.

ముందు పని: బ్లడ్ పర్సెంట్ బాగుందని ఊకోవద్దు

మన దిక్కు రక్తం చూపించుడు అంటే హిమోగ్లోబిన్ ఒక్కటే. "పర్సెంట్ 13 ఉంది, రక్తం మంచిగనే ఉంది" అని కాయితం మడిచి జేబుల పెట్టుకుంటరు. మగోళ్లకు 13 కన్నా తక్కువ, ఆడోళ్లకు 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత అంటరు, అది కరెక్టే, కాని ఐరన్ తక్కువ ఉండుడు, రక్తం తక్కువ ఉండుడు ఒకటే కాదు. ఐరన్ స్టాక్ ముందు ఖాళీ అయితది, హిమోగ్లోబిన్ ఆఖర్ల పడిపోతది. ఈ మధ్యల నెలలకు నెలలు గడుస్తయి. పైగా ఐరన్ రక్తానికి ఒక్కదానికే కాదు, గుండె కండరం, కాళ్ల కండరాలు శక్తి తయారు చేసుకోనీకి కూడ అదే కావాలె. అందుకే హిమోగ్లోబిన్ 13.5 ఉన్న మనిషి కూడ ఐరన్ లేక నీరసపడొచ్చు, అందరికన్నా ఎక్కువగ మిస్సయ్యేది ఇసొంటోళ్లే.

తర్వాత: ఏ టెస్టులు, ఎప్పుడు

చీటీ మీద ఇవి రాయించుకోండి: సీబీపీ (రక్తకణాల లెక్క, హిమోగ్లోబిన్ దీంట్లనే వస్తది), సీరం ఫెరిటిన్ (ఒంట్ల ఐరన్ స్టాక్ ఎంతుందో చెప్పేది), సీరం ఐరన్ (రక్తంల తిరిగే ఐరన్), టీఐబీసీ (రక్తం ఎంత ఐరన్ మోయగలదో). ఆఖరి రెండింటి నుంచి ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ వస్తది, డాక్టర్లు దాన్ని టీశాట్ అంటరు. వీటితోటి క్రియాటినిన్ అనే కిడ్నీ టెస్ట్ కూడ చేయిస్తే మంచిది, ఎందుకంటే గుండె, కిడ్నీ రెండు కలిసి పాడయ్యేవి, కిడ్నీ దెబ్బతింటే కూడ రక్తం తగ్గుతది. కొన్ని ల్యాబుల్ల ఐరన్ ప్రొఫైల్ అని ప్యాకేజీ ఉంటది గని దాంట్ల ఫెరిటిన్ ఉండదు, అది వేరే రాస్తరు, సూది గుచ్చక ముందే అడగండి, లేకపోతే రెండోసారి బస్సెక్కాలె. ఆడోళ్లకు ఆర్టీసీ ఫ్రీ గని పెద్దమనిషిని తోల్కపోయేటోళ్లకు టైం ఫ్రీ కాదు కదా.

పొద్దున పరగడుపున ఇవ్వండి. ఐరన్ గోలీ వేస్కుంటుంటే ముందు రోజు ఆపండి, గోలీ వేస్కున్న కొన్ని గంటలు సీరం ఐరన్ ఉత్తగనే ఎక్కువ చూపిస్తది. జ్వరం, నిమోనియా, కాలుపుండు చీము ఉన్నప్పుడు చేయించకండి, చేయించినా ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి, ఒంట్ల ఇన్ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ పైకి పోతది.

ఇక ఎక్కడ అంటే నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటల సర్కారు మెడికల్ కాలేజీ దవాఖానలున్నయి, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ల కూడ మెడికల్ కాలేజీలు వచ్చినయి, భువనగిరి దిక్కోళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. ముందుగాల అక్కడ జనరల్ మెడిసిన్ ఓపీల ఫెరిటిన్ ఫ్రీగ చేస్తరా అని అడగండి. చేయకపోతే ఆ ఒక్కటి బయట చేయించుకోని మిగతావి లోపలనే చేయించండి, పైసలు మిగుల్తయి.

రిపోర్ట్ చూసుడు: ఇక్కడనే మోసపోయేది

ల్యాబోళ్లు రిపోర్ట్ పక్కన నార్మల్ రేంజ్ అని ఒకటి వేస్తరు, ఫెరిటిన్‌కు చానా ల్యాబుల్ల 15 నుంచో 20 నుంచో మొదలయితది. మీ నాయినకు 62 వచ్చిందనుకో, దానికి స్టార్ గుర్తు ఉండదు, బోల్డ్ అక్షరాలు ఉండవు, అందరు నార్మల్ అనుకుంటరు. కాని ఆ రేంజ్ ఆరోగ్యంగ ఉన్నోళ్లది. గుండె వీక్ ఉన్నోళ్లకు లెక్క వేరు, ఫెరిటిన్ 100 కన్నా తక్కువుంటే చాలు, ఐరన్ లోపం కింద లెక్క. ఇది యూరప్, అమెరికా గుండె డాక్టర్ల గైడ్‌లైన్స్‌ల ఉన్నదే, మన కార్డియాలజిస్టులు కూడ అదే చూస్తరు.

ఇక ఫెరిటిన్ 100 నుంచి 299 మధ్యల ఉంటే టీశాట్ చూడాలె. అది 20 శాతం కన్నా తక్కువుంటే లోపం ఉన్నట్టే. గుండె జబ్బుల ఒంట్ల లోపల్లోపల వాపు ఉంటది, దాంతోటి ఫెరిటిన్ కొంచెం ఉబ్బి కనిపిస్తది, అందుకే ఈ రెండో లెక్క పెట్టిండ్రు.

టీశాట్ రిపోర్ట్‌ల రాయకపోతే మీరే చేసుకోవచ్చు, సీరం ఐరన్‌ను టీఐబీసీ తోటి భాగించి వందతోటి గుణించుడే. సీరం ఐరన్ 40, టీఐబీసీ 320 అంటే 40 బై 320 ఇంటూ 100, పన్నెండున్నర. 20 కన్నా బాగ కింద ఉంది. ఫోన్ క్యాల్కులేటర్ చాలు.

ఇప్పుడిప్పుడు డాక్టర్లు ఫెరిటిన్ కన్నా టీశాట్‌నే ఎక్కువ నమ్ముతున్నరు. టీశాట్ 20 కింద ఉన్నోళ్లకు ఐరన్ డ్రిప్ (నరం ద్వారా ఐరన్ ఎక్కించుడు) తోటి లాభం బాగ కనబడ్తది, ఫెరిటిన్ 80 ఉండి టీశాట్ 28 ఉన్నోళ్లకు అంత కనబడదు. కాబట్టి ఒక్క ఫెరిటిన్ రిపోర్ట్ పట్టుకోని సూది కావాలని పట్టు పట్టకండి, రెండు చూపియ్యండి.

ఇంకొకటి, సీబీపీల ఎంసీవీ (ఎర్ర రక్తకణం సైజు) తక్కువ ఉండి ఫెరిటిన్ మంచిగ ఉంటే అది పుట్టుకతోటి వచ్చే తలసీమియా ట్రెయిట్ కావొచ్చు, అసొంటోళ్లకు ఐరన్ ఎక్కించి లాభం లేదు, హెచ్‌పీఎల్‌సీ అనే టెస్ట్ అడగండి.

అసలు ఐరన్ ఎటు పోతుంది? ఇది వదిలేసి నింపకండి

నాకు అన్నిట్ల ముఖ్యం అనిపించేది ఇదే. ఐరన్ తక్కువ అంటే రక్తం ఎక్కడన్నా కారుతుందేమో చూడాలె. గుండె పేషెంట్లు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేస్కుంటరు, కొందరు ఎసిట్రోమ్ లెక్క రక్తం పల్చబడే గోలీలు వేస్కుంటరు, వీటితోటి కడుపుల సన్నగ రక్తం పోవచ్చు, కంటికి కనబడదు. మలం తారు లెక్క నల్లగ, జిగటగ వస్తుందా, మొలలు ఉన్నయా, ఈ మధ్య ఊకె బక్కపడ్డరా, ఆడోళ్లకైతే నెలసరి ఎక్కువ పోతుందా, ఇవన్ని సిగ్గుపడకుంట చెప్పాలె. మా దిక్కు మగోళ్లు మొలల సంగతి పెండ్లాంకు కూడ చెప్పరు, ఇగ డాక్టర్‌కేం చెప్తరు. (ఐరన్ గోలీలతోటి కూడ మలం నల్లగైతది, అది వేస్కుంటుంటే ఆ మాట కూడ చెప్పండి.) డాక్టర్ ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రాస్తే భయపడి ఎగ్గొట్టకండి, వయసు మీద పడినోళ్లల్ల పేగు క్యాన్సర్ కొన్నిసార్లు ఇట్లనే బయటపడ్తది.

ఇక నొప్పి గోలీలు. మర్రిగూడ, చండూరు, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు, నడుము పట్టుకపోయినోళ్లు ఎంతమంది ఉన్నరో మనకు ఎరుకే. భగీరథ నీళ్లు వచ్చినయి గని పాత బొక్కలకు పట్టింది పోదు. వాళ్లు రోజు డైక్లోఫెనాక్ గోలీ వేస్కుంటరు, నొప్పెక్కువైతే ఆర్ఎంపీ తోటి సూది ఏయించుకుంటరు. గుండె వీక్ ఉన్న మనిషికి ఈ మందులు రెండు దిక్కుల నుంచి దెబ్బ కొడ్తయి, కడుపుల పుండు చేసి రక్తం కారుస్తయి, ఇంకో దిక్కు ఒంట్ల ఉప్పు, నీరు ఆపి దమ్ము, కాళ్ల వాపు పెంచుతయి, కిడ్నీని కూడ సతాయిస్తయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అన్ని ఒకటే జాతి. నొప్పికి పారాసిటమాల్ ఎంతవరకు వేస్కోవచ్చో గుండె డాక్టర్‌నే అడగండి.

కాని స్టెంట్ వేయించుకున్నోళ్లు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సొంతంగ ఆపొద్దు, స్టెంట్ మూసుకపోతే ప్రాణం మీదికి వస్తది. ఆ లెక్క డాక్టర్ చూస్కుంటడు.

గోలీలు, బెల్లం, పల్లిపట్టీ ఎందుకు సరిపోవు

ఐరన్ తక్కువ అనంగనే ఇంట్ల మునగాకు, తోటకూర, పుంటికూర, కార్జం, ఖర్జూరం, బెల్లం మొదలయితయి. తినొచ్చు, మంచివే, కాని గుండె వీక్ ఉన్నోళ్లకు దీంతోటి స్టాక్ నిండదు. ఎందుకంటే ఈ జబ్బుల లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువ వదుల్తది, అది పేగుల కాడ గేటు మూసినట్టు చేస్తది, తిన్న ఐరన్ రక్తంలకు పోనీయదు. గోలీలది కూడ అదే కథ. 2017ల అమెరికాల ఐరనౌట్ అనే స్టడీ చేసిండ్రు, 225 మంది హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లల్ల కొందరికి పదహారు వారాలు రోజుకు రెండుసార్లు 150 మిల్లీగ్రాముల ఐరన్ గోలీ, మిగతావాళ్లకు ఉత్త గోలీ ఇచ్చిండ్రు. శ్రమ చేసే శక్తిల తేడా రాలేదు. ఆశా వర్కర్ ఇచ్చే ఐరన్ గోలీలు గర్భిణులకు, పిల్లలకు మంచిగ పని చేస్తయి, వాటి మీద నాకు కోపం లేదు, కాని ఈ జబ్బుకు వాటినే నమ్ముకోని ఏడాది గడుపుడు దండుగ.

తిండిల ఒకటి చూస్కోండి, రక్తం పడ్తదని షుగర్ ఉన్న మనిషికి బెల్లం పెట్టకండి, కూరలోకి నంజుకుంటడని తొక్కులు, ఎండుచేపలు పెట్టకండి, ఉప్పు మళ్ల దమ్ము తెస్తది. అన్నం తిన్న ఎంటనే చాయ్ తాగితే ఉన్న కొంచెం ఐరన్ కూడ పట్టదు, గంట ఆగండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. నీరసమని ఊర్ల ఆర్ఎంపీ దగ్గర సెలైన్ బాటిల్ ఎక్కించుకోకండి. అర లీటర్ నార్మల్ సెలైన్‌ల నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటది. ఒక దిక్కు నీరు పోవాలని ఫ్రూసెమైడ్ గోలీ మింగిపిస్తరు, ఇంకో దిక్కు బాటిల్ ఎక్కిస్తరు, రాత్రికల్లా ఊపిరితిత్తులల్ల నీరు చేరి 108కి ఫోన్ చేయాల్సొస్తది. దాంట్ల పసుపు రంగు విటమిన్ సూది కలిపినా అది ఐరన్ కాదు. రక్తం ఎక్కించుడు కూడ ఇసొంటి పేషెంట్లకు బాగ తక్కువ పడినప్పుడే, చూస్కోని, మెల్లగ.

ఐరన్ డ్రిప్: ఎవరికి, ఎంత, ఎట్ల

లోపం ఉన్నట్టు తేలి, ఈఎఫ్ 50 కన్నా తక్కువ ఉండి, దమ్మో నీరసమో ఉన్నోళ్లకు నరం ద్వారా ఐరన్ ఇయ్యమని గైడ్‌లైన్స్ చెప్తయి. ఈఎఫ్ 50, అంతకు పైన ఉన్నోళ్ల మీద రుజువులు తక్కువ, అక్కడ డాక్టర్ నిర్ణయం. 2009ల ఫెయిర్ హెచ్ఎఫ్ అనే స్టడీ నుంచి మొదలుపెట్టి చానా చూసిండ్రు, నడక మెరుగైతది, రోజువారీ పనులు సులువైతయి, దమ్ముతోటి మళ్ల మళ్ల అడ్మిట్ అయ్యుడు తగ్గుతది. ఆయుష్షు పెంచుతదా అంటే అది ఇంకా గట్టిగ రుజువు కాలేదు, అట్ల చెప్పి ఎవరన్నా అమ్మితే నమ్మకండి.

ఎక్కువగ వాడేది ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోస్, చీటీల ఎఫ్‌సీఎం అని రాస్తరు. డోసు బరువు, హిమోగ్లోబిన్ బట్టి ఉంటది. హిమోగ్లోబిన్ 10 నుంచి 14 మధ్యల ఉంటే 70 కేజీల కన్నా తక్కువున్నోళ్లకు మొత్తం 1000 మిల్లీగ్రాములు, 70 పైన ఉన్నోళ్లకు 1500. 10 కన్నా తక్కువుంటే 70 కేజీల కిందోళ్లకు 1500, పైనోళ్లకు 2000. 14 నుంచి 15 అయితే 500 చాలు. 15 దాటితే ఇయ్యరు. ఒక్కసారి 1000 మించొద్దు, వారంల కూడ అంతే. బక్క మనిషికి ఒక్క సిట్టింగ్‌ల కేజీకి 20 మిల్లీగ్రాములు దాటొద్దు, అంటే 42 కేజీల అవ్వకు 840 వరకే. ఇది డాక్టర్ లెక్కే, కాని బరువు మీరు కరెక్ట్‌గ చెప్పకపోతే ఆయన లెక్క కూడ తప్పుతది, అందుకే అదే రోజు తూకం వేయించండి.

1000 మిల్లీగ్రాముల మందును 250 ఎంఎల్ మించని నార్మల్ సెలైన్‌ల కలిపి కనీసం పావుగంట మీద ఎక్కిస్తరు, గ్లూకోజ్‌ల కలపొద్దు. నీరు చేరే మనిషి కాబట్టి ఇంకా తక్కువ సెలైన్‌ల, 100 ఎంఎల్‌ల కలపొచ్చా అని అడగండి, కలపొచ్చు. అయిపోయినంక అర్ధగంట అక్కడనే కూసోవాలె. రియాక్షన్ వచ్చుడు తక్కువే గని వస్తే ఆక్సిజన్, అడ్రినలిన్ సూది పక్కన ఉండాలె, అందుకే ఇది ఇంట్ల మంచం మీద, మెడికల్ షాప్ వెనక రూముల చేయించుకునే పని కాదు. ముఖం ఎర్రబడి ఛాతీ, నడుము బిగుసుకున్నట్టు అయితే ఎంటనే నర్సుకు చెప్పండి, ఆపితే చానాసార్లు అదే తగ్గుతది. సూది పెట్టిన కాడ మండితే కూడ చెప్పండి, మందు చర్మం కింద కారితే గోధుమరంగు మచ్చ పడి నెలలు పోదు.

సర్కారు దవాఖానల ఎఫ్‌సీఎం లేకపోతే ఐరన్ సుక్రోజ్ ఉండొచ్చు, ప్రసూతి వార్డుల వాడేది అదే. దాన్ని ఒకసారికి 200 మిల్లీగ్రాములే ఇస్తరు కాబట్టి నాలుగైదు సార్లు తిరగాలె. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో వచ్చేటోళ్లకు కష్టం, ఛార్జీలు, కూలీ పోయిన రోజులు లెక్కేస్తే ఎఫ్‌సీఎం బయట కొన్నా అంత తేడా ఉండదు, లెక్క మీరే వేస్కోండి.

జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్న రోజుల్ల ఇయ్యరు. ముందు ఐరన్ సూదికి రియాక్షన్ వచ్చిందంటే తప్పకుంట చెప్పండి. డెలివరీ అయినంక గుండె వీక్ అయిన ఆడబిడ్డలు కొందరుంటరు, వాళ్లల్ల ఐరన్ లోపం రెండు కారణాలతోటి (కాన్పు, గుండె జబ్బు) ఉండొచ్చు, వాళ్లు ఈ టెస్ట్ అసలే మర్చిపోవద్దు, మళ్ల గర్భం ఉందేమో అన్న అనుమానం ఉంటే డ్రిప్‌కు ముందే చెప్పాలె.

ఎక్కించినంక

తెల్లారే పరిగెత్తుతరని అనుకోకండి. నాలుగు వారాలకు తేడా కనబడొచ్చు, కొందరికి ఇంకా లేటు. తేడా పట్టుకోనీకి సులువైన పద్ధతి, డ్రిప్‌కు ముందు వాకిట్ల నుంచి ఎంత దూరం ఆగకుంట నడుస్తరో గుర్తు పెట్టుకోండి, ఫలానా కరెంటు స్తంభం దాంక అని, నెలకు మళ్ల చూడండి.

నెల లోపల ఫెరిటిన్ చేయించకండి, ఉత్తగనే 500, 600 చూపించి ఐరన్ ఎక్కువైందని భయపెడ్తది. మూడు నెలలకు సీబీపీ, ఫెరిటిన్, టీశాట్ మళ్ల చేయించండి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు. మళ్ల తగ్గితే మళ్ల ఎక్కిస్తరు, కాని ఆర్నెల్లకే మళ్ల ఖాళీ అయితే రక్తం ఎక్కడన్నా కారుతుందేమో మళ్ల వెతకాలె. ఎఫ్‌సీఎం పదే పదే తీసుకున్నోళ్లకు ఫాస్ఫరస్ పడిపోవచ్చు, కొత్తగ బొక్కల నొప్పులు, కండరాల బలహీనత వస్తే ఆ టెస్ట్ అడగండి, ఫ్లోరైడ్ నొప్పులే అని కొట్టిపారేయకండి.

ఐరన్ ఎక్కింది కదా అని గుండె గోలీలు ఆపుతరు కొందరు. మెటోప్రొలోల్ లేదా బిసోప్రొలోల్, సాక్యుబిట్రిల్ వల్సార్టాన్, స్పైరనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ ఇవి అసలు వైద్యం, ఐరన్ వీటికి తోడు మాత్రమే. మూడు రోజుల్ల రెండు కేజీల బరువు పెరిగితే, కాళ్ల వాపు ఎక్కువైతే, రాత్రి పండుకుంటే ఊపిరాడక లేచి కూసుంటే అది ఐరన్ సంగతి కాదు, అదే రోజు డాక్టర్ దగ్గరకు పోండి.

ఆఖరుకు, దవాఖాన ఫైల్ అట్ట లోపల దిక్కు పెద్దగ రాసి పెట్టండి: ఏ తారీఖు, ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, అప్పటి బరువు, రియాక్షన్ వచ్చిందా లేదా. ఖాళీ వయల్ మీది స్టిక్కర్ అంటించినా సరే. డాక్టర్ మారినా, హైదరాబాద్ నిమ్స్‌కు పంపినా, పట్నంల కొడుకు తోల్కపోయినా వాళ్లు ముందుగాల అడిగేది అదే.